సగం ఇటు, సగం అటు చుట్టిన తుపాకి

ఆ రోజుల్లో ఏ పనికైనా ముందు జాబితా రాసుకుంటే చాలు, పని అయిపోయినట్టేనని నమ్మేవాణ్ణి. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు పరీక్షకు ముందురోజు, నరసరావుపేటలో మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో ఉన్నవి ఇవి: నేను, ఊరందరికీ బాబాయ్ అయిన దుకాణదారు, కాలిపోయిన బోరు మోటారు తెచ్చిన మా మామయ్య, ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని మీద బాబాయ్ చుట్టిచ్చిన రాగి తీగ, కరెంటును దాచి ఒక్కసారిగా వదిలే ఆరు కెపాసిటర్లు, ఒక ఇనుప మేకు. మీట నొక్కితే తీగ అయస్కాంతమై మేకును లాగి అవతలికి విసరాలి. మందుగుండు లేని తుపాకి అన్నమాట. తెల్లారేసరికి అది పనిచేయకపోతే నా డిగ్రీ ఆగిపోతుంది.

"అల్లుడూ, మొక్కజొన్నలో పందులు పడి చంపుతున్నయ్ రా. వాటిని తోలుద్దా ఇది?" అన్నాడు మామయ్య.

"తోలుద్ది మామయ్యా" అన్నాను ధీమాగా. (ఇలాంటివి యుద్ధనౌకల మీద పెట్టాలని చూస్తున్నారని చదివాను. పందుల సంగతి ఎక్కడా చదవలేదు.)

మీట నొక్కాను. 'టప్' మంది. మేకు ఒకసారి ఒళ్లు విదిల్చుకుని గొట్టంలోనే ఉండిపోయింది. మళ్లీ నొక్కాను, అంతే. కెపాసిటర్లు చూశాను, బాగున్నాయి. అతుకులు చూశాను, అవీ బాగున్నాయి. నేను రాసుకున్న జాబితాలోని తొమ్మిదింటికీ టిక్కులు పడ్డాయి, మేకు మాత్రం బయటికి రాలేదు. నాకు భౌతికశాస్త్రం మీదే అనుమానం వచ్చింది.

"ఏందిరా, పంది వచ్చి దీన్ని వాసన చూసి పోద్ది" అన్నాడు మామయ్య.

బాబాయ్ టీ గ్లాసు దించాడు. "చుట్టుడులో తేడా ఉండదబ్బాయ్. మోటారుకు చుట్టినట్టే చుట్టా, సగం ఇటు, సగం అటు. ఎదురెదురు పోళ్లు లేకపోతే తిరుగుద్దా ఏంది?"

"బాబాయ్, ఇది తిరగదు!"

"తిరగందానికి తీగెందుకబ్బాయ్?"

ఒక క్షణం నాకూ అదే సందేహం కలిగింది. తర్వాత వెలిగింది: ఆ రెండు సగాలూ ఎదురెదురు అయస్కాంతాలై ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తున్నాయి. ఎన్ని చుట్లో రాసిచ్చాను గానీ, ఏ వైపుకో రాయలేదు.

మామయ్య తన మోటారును కాలితో పక్కకు జరిపాడు. "నాది రేపు చూద్దువులే. ముందు వాడి డిగ్రీ చుట్టు" అన్నాడు బాబాయ్‌తో. బాబాయ్ తీగంతా విప్పి, ఈసారి ఒకే వైపుకు చుట్టాడు.

మర్నాడు పరీక్షకు వచ్చిన సారు దీని ఉపయోగాలేమిటని అడిగితే యుద్ధనౌకలు, రాకెట్లు అని, తడబాటులో పందులు కూడా అన్నాను. ఆయన నవ్వి, పాస్ చేసి, టేపు తెమ్మన్నాడు.

ఇప్పుడు పంపుల కంపెనీలో నేను రాసే ప్రతి జాబితాలో మొదటి వరుస 'చుట్టే దిశ'. అది రాసినప్పుడల్లా ఆ తొమ్మిది టిక్కుల కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. మామయ్య మాత్రం పందుల తుపాకి ఎప్పుడు తెస్తావని ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఆ రోజు మేకు ఎగిరి పడిన చోటికి సారు టేపుతో కొలిచిన దూరం నలభై మూడు సెంటీమీటర్లు.