రాయి ఎంత పెరిగింది?

ఆ విశ్వవిద్యాలయంలో అందరూ చాటుగా ‘అనుమానం ప్రొఫెసర్’ అని పిలుచుకునే పెద్దమనిషికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి పరిశోధన మీద తీర్పు చెప్పమన్నా సరే, ముందు దాన్ని తన ఇంట్లో చేసి చూడందే సంతకం పెట్టరు. మిగతా విషయాల్లో ఆయనంత నెమ్మదస్తుడు ఉండడు. కూరలో ఉప్పు మరిచిపోయినా అడగరు. చొక్కా తిరగేసి వేసుకున్నారని ఎవరైనా చెబితే, మంచిదని చెప్పి అలాగే క్లాసుకు వెళ్లిపోతారు. ఫైలు దగ్గర మాత్రం ఉడుంపట్టు.

అక్కడి పద్ధతి ప్రకారం కొత్తగా చేరిన అధ్యాపకులకు ఆరేళ్లు గడువు. ఆరో ఏట ముగ్గురు పెద్దలు కూర్చుని వాళ్ల పరిశోధనను తూచి చూస్తారు. నెగ్గితే పదోన్నతి, రిటైరయ్యే దాకా ఉద్యోగం. నెగ్గకపోతే ఆ వేసవికల్లా గది ఖాళీ చెయ్యాలి. తూచడమంటే చాలామందికి లెక్కపెట్టడమే. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, వాటిని ఇంకెంతమంది తమ పేపర్లలో తలుచుకున్నారు, అన్నీ కూడు, పక్క ఫైలుతో పోల్చు, అయిపోయింది. కమిటీలోని రెండో సభ్యుడు ఈ విద్యలో ఆరితేరి ‘కూడికల మాస్టారు’ అనిపించుకున్నారు. ఒక ఫైలు తేల్చడానికి ఆయనకు టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. మన ప్రొఫెసరుగారికి నెలలు పట్టేది.

ఆ నెలలన్నీ అనుభవించేది ఆయన భార్య.

ఒకసారి సిమెంటు మీద పనిచేసినతని ఫైలు వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ పాలు కాచే గిన్నె మాయమైంది. వెతగ్గా వెతగ్గా స్నానాలగదిలో దొరికింది, నిండా గట్టిపడిన కాంక్రీటుతో.

“ఏమండీ, ఇదేమిటి?”

“ఇరవై ఎనిమిది రోజులు కదపకు. అప్పుడుగాని దాని బలం తెలీదు.”

“దాని బలం సంగతి సరే, పాలు దేంట్లో కాచను?”

“అవును సుమా! ఆ సంగతి తట్టనేలేదు,” అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ నెలంతా ఇద్దరూ పాలు లేని టీ తాగారు.

మరోసారి జ్ఞాపకశక్తి మీద ఫైలు. అర్థం లేని మూడు వందల మాటలు బట్టీ పట్టాలి, వారం తరవాత ఎన్ని గుర్తున్నాయో చూడాలి. భోజనం ముందు కూర్చుని ఆయన “గిమ్, తూల, బడక్, రోంపి” అని కళ్లు మూసుకుని వల్లె వేస్తుంటే, గోడ అవతలి ఇల్లాలు కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

“వదినా, అన్నయ్యగారికి ఒంట్లో బాగానే ఉందా?”

“నిక్షేపంగా ఉన్నారమ్మా. ఫైలొచ్చింది.”

ఆ తరవాత ఆ ఇంట్లోంచి పొగ వచ్చినా, పాట వచ్చినా, దబ్బుమని చప్పుడొచ్చినా వీధిలో ఎవరూ తల తిప్పేవారు కారు. ఫైలొచ్చింది కాబోలు అనుకునేవారు.

ముసలివాళ్ల ఒంటరితనం మీద ఒకావిడ ఫైలు వచ్చినప్పుడు మాత్రం ఇల్లు చెక్కుచెదరలేదు. ఆయన నాలుగు ఆదివారాలు పార్కు బెంచీ మీద ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని వచ్చారు. నాలుగో ఆదివారం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటగది గడప మీద కూర్చుని, చిన్నప్పుడు తమ ఊరి బళ్లో ఏ మూల ఎవరు కూర్చునేవారో దగ్గర్నుంచి మొదలుపెట్టి, పొయ్యి మీద అన్నం మాడే దాకా భార్యతో మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడ అన్నం మాడిందని చెప్పలేదు.

ఆవిడకున్న బాధల్లా ఆ పేరు. అనుమానం ప్రొఫెసర్! ఎవర్నీ నమ్మడట, అచ్చయిన మాటను కూడా వంటింట్లోకి లాక్కొచ్చి నిలదీస్తాడట. బజార్లో కుర్ర అధ్యాపకులు ఆయన్ని చూసి అవతలి పక్కకు దాటిపోయేవారు. నా మొగుడు చీమను చూసి పక్కకు అడుగేసే మనిషని అరవాలనిపించేది ఆవిడకు. అరిస్తే మాత్రం ఎవరు వింటారు?

అలా ఉండగా, ఒకనాడు ఆయన ఆయాసపడుతూ గోనెసంచిలో ఒక రాయి మోసుకొచ్చారు.

పిండి రుబ్బడానికి పనికిరాదు, కూర్చోడానికి ఎత్తు చాలదు. దాని మీద అరచేయంత బూడిదరంగు మచ్చ. పాత గోడల మీదా రాళ్ల మీదా పెచ్చులు కట్టినట్టు పెరుగుతుంది చూశారూ, అది. లైకెన్ అంటారట. ఈసారి ఫైలు ఆ మచ్చల గురించి. అవి ఏడాదికి ఎంత పెరుగుతాయో తెలిస్తే, పాత గోడ మీద మచ్చను కొలిచి, ఆ గోడ ఎప్పుడు కట్టారో చెప్పొచ్చు.

“ఏడాదికి ఎంత పెరుగుతుందేం?” అంది ఆవిడ.

“అర మిల్లీమీటరు అంటోంది పరిశోధన చేసిన అమ్మాయి.”

“మీరెన్నాళ్లు చూస్తారు?”

“ఎనిమిది నెలలు గడువిచ్చారు.”

ఆవిడ మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది. రాయి గిన్నెలు ముట్టదు, మాటలు వల్లించదు. ఇంతకన్న మర్యాదస్తురాలైన ఫైలు ఆ గడప తొక్కలేదు.

పెరటి మెట్ల పక్కన రాయికి చోటిచ్చారు. రోజూ పొద్దున ఆయన దాని ముందు పీట వేసుకుని, భూతద్దం పెట్టి చూసి, నెలకోసారి గాజుపలక ఆనించి మచ్చ అంచు సన్నగా గీసుకునేవారు. ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ అడిగేది: “ఎంత పెరిగింది?” “ఇంకా లేదు.” నెల గడిచింది. “ఎంత పెరిగింది?” “ఇంకా లేదు.” పక్కింటివాళ్లకూ అలవాటైంది. పాలవాడు కూడా గేటు దగ్గర్నుంచి కేకేసేవాడు: “సార్, రాయి ఎంత పెరిగింది?”

గడువు తీరిన రోజున కూడా ఆవిడ అడిగింది. ఆయన కాస్త తటపటాయించారు.

“తగ్గింది,” అన్నారు.

రాయి బరువు, ఆయన నడుము నాజూకు. అందుకని ఇద్దరూ చెరో చెవి పట్టుకుని గోనెసంచి మోసుకుంటూ కమిటీ గదికి వెళ్లారు. “నేను అడిగినప్పుడు లోపలికి పంపు,” అని ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన లోపలికి వెళ్లారు. ఆ తలుపు గడియ ఎన్నాళ్లుగానో పడదు. జానెడు తెరుచుకునే ఉంది.

కాసేపటికి ముప్ఫై ఐదేళ్ల ఒకమ్మాయి వచ్చి బెంచీకి ఆ చివర కూర్చుంది. ఫైలును పసిపిల్లలా గుండెకు హత్తుకుంది. పెదాలు ఎండిపోయాయి. ఆవిడ సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి, “కాస్త గొంతు తడుపుకో అమ్మా,” అంది.

“వద్దు పిన్నిగారూ, దిగదు. లోపల నా గురించే మాట్లాడుతున్నారు. ఇవాళ కాదన్నారంటే మళ్లీ మొదట్నుంచే.” అంటూనే ఆ అమ్మాయి చూపు గోనెసంచి మూతిలోంచి తొంగిచూస్తున్న మచ్చ మీద పడింది. తనకు తెలియకుండానే చెయ్యి చాచి, గుడ్డ తప్పించి, జేబులోంచి భూతద్దం తీసి వంగింది. భయం ఎటుపోయిందో! “అబ్బ, ఎంత పెద్దదో! డెబ్భై ఏళ్లుంటాయి దీనికి. అయ్యయ్యో…”

“ఏమైందమ్మా?”

“ఎవరో దీన్ని బ్రష్షు పెట్టి తోమారు పిన్నిగారూ. సబ్బు నీళ్లు కూడా పడ్డాయి. చూడండి, అంచులన్నీ ఎలా ఊడిపోయాయో.”

ఆవిడ వంగి తనూ ఆ అంచులు చూసింది. “తోమితే… తోమితే బలంగా పెరగదూ?”

“చచ్చిపోతుంది.”

అప్పుడే లోపల్నుంచి కూడికల మాస్టారి గొంతు ఖంగున వినిపించింది. “ఆరేళ్లు, రెండు పేపర్లు! పక్క ఫైల్లో పద్దెనిమిదున్నాయి. సరే, మీ రాయేమంటోంది?”

“ఇంట్లో ఉన్న రాయి మీద మచ్చ రెండు మిల్లీమీటర్లు తగ్గింది,” అన్నది ఆవిడ భర్త గొంతు.

“తగ్గిందా! ఇంకేం మరి? పెరుగుతుందని ఆ అమ్మాయి రాసిందే తప్పన్నమాట.”

ఆవిడ రాయి వంక చూసింది. ఎనిమిది నెలలు! ఆయన అలా పీటేసుకుని ఎదురుచూస్తుంటే చూడలేక, ఆయన కాలేజీకి వెళ్లగానే తనే కదూ వారం వారం దాన్ని రుద్ది కడిగింది? దుమ్ము పడితే ఊపిరాడదేమోనని, సబ్బు నురగ కూడా పెట్టి! పక్కన పిల్ల ఫైలు మళ్లీ గుండెకు హత్తుకుని కళ్లు మూసుకుంది.

బరువు సంగతి ఆవిడకు గుర్తు రాలేదు. గోనెసంచి ఒక్కతే ఎత్తుకుని, మోచేత్తో తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

“వదినగారూ, ఇది రహస్య సమావేశం…” అని కమిటీ అధ్యక్షులవారు లేవబోయారు.

“ఉండండి బాబూ, నా రహస్యం కూడా ఒకటుంది,” అంటూ ఆవిడ రాయిని బల్ల మీద దించింది. “తప్పు రాయిది కాదు, రాసిన పిల్లదీ కాదు. నాది. ఎనిమిది నెలలుగా వారం వారం ఈ రాతికి తలంటు పోశాను. సబ్బు పెట్టి మరీ. శిక్ష వేస్తే నాకెయ్యండి. ఆ పిల్ల జోలికి మాత్రం వెళ్లకండి.”

 కూడికల మాస్టారే ముందు నవ్వారు. అధ్యక్షులవారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్రొఫెసరుగారు మాత్రం కుర్చీ ఒకటి లాగి, “కూర్చో, ఆయాసపడుతున్నావు,” అన్నారు. “నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“రెండో నెల్లోనే మచ్చ మీద నురగ కనబడింది. అందుకే ఇంకో రాయి తెచ్చి వేరేచోట పెట్టాను. ఆ మాటే చెప్పబోతున్నాను, నువ్వొచ్చావు.” ఆయన గాజుపలకలు రెండు బల్ల మీద పరిచారు. “ఇది ఆ రెండో రాయి. ఆరు నెలల్లో పావు మిల్లీమీటరు. ఆ అమ్మాయి రాసిన వేగం సరిగ్గా అదే. ఇంటి రాయి కూడా అబద్ధం చెప్పలేదు, కడిగితే తగ్గుతుందని ఆ అమ్మాయి రెండో పేపర్లోనే రాసింది.”

కూడికల మాస్టారు టీ గ్లాసు తెచ్చి యథాలాపంగా రాయి మీద పెట్టారు. “అచ్చేసినవాళ్లు ఒకసారి పరీక్షించారు కదయ్యా. అయినా ఇంత అనుమానమేమిటి నీకు?”

“అనుమానమా?” ప్రొఫెసరుగారు ఆ మాట మొదటిసారి విన్నట్టు చూశారు. “అనుమానం కాదండీ. ఆరేళ్లు ఒకరు ఒక పని మీద కూర్చున్నారు. దాన్ని కాదనడానికి మనకు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషమంటే నాకు భయం. అందుకని, చేతనైనన్నాళ్లు వెళ్లి వాళ్ల పీట మీద కూర్చుని వస్తాను. నడుం ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిస్తే, తీర్పు కాస్త మర్యాదగా ఉంటుంది.”

ఆవిడ భర్త వంక చూసింది. ముప్ఫై ఏళ్లుగా ఒక్కసారైనా చెప్పాడా ఈ మనిషి! పాల గిన్నె పోయినప్పుడైనా చెప్పకూడదూ?

“అంతా బాగుంది. ఆరేళ్లలో మూడో పేపరైనా రాలేదేం?” అన్నారు కూడికల మాస్టారు, గొంతు తగ్గించి.

“దానికి రాయిని తొందరపెట్టాలి.”

కూడికల మాస్టారు భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు వంగి చూశారు. “దీని వయసెంత?”

“డెబ్భై అట,” అంది ఆవిడ, బయట విన్నది గుర్తొచ్చి.

“నాకంటే పెద్దది!” అంటూ ఆయన గబుక్కున టీ గ్లాసు తీసి పక్కన పెట్టారు.

ఆవిడ బయటికి రాగానే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. “పిన్నిగారూ, లోపల నవ్వారు. నన్ను చూసేనా?”

“ఛఛ, నన్ను చూసి తల్లీ. నువ్వు మంచినీళ్లు తాగు.”

ఈసారి తాగింది. లోపలికి పిలిచారు, వెళ్లింది, పావుగంటలో వచ్చింది. తీర్పు కాగితం మీద వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదని నియమం. అధ్యక్షులవారు నియమం తప్పని మనిషి. ఆయన గది తాళం వేస్తూ, తలైనా ఎత్తకుండా, “అన్నట్టు అమ్మాయ్, వచ్చే ఏడాది నీ క్లాసులు పొద్దుట పూట పెట్టమంటావా, మధ్యాహ్నమా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. ఆ అమ్మాయి అక్కడే గోడకు ఆనుకుని నిలబడి, “పొద్దుటే… పొద్దుటే సార్,” అని ఖాళీ వరండాకు చెప్పింది.

గోనెసంచి చెరో చెవి పట్టుకుని మొగుడూ పెళ్లాలు ఇంటిదారి పట్టారు.

“రెండో నెల్లోనే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?”

“ఒకనాడు కళ్లజోడు మరిచిపోయి వెనక్కొచ్చాను. నువ్వు దాన్ని రుద్దుతూ, ‘పెరుగు నాయనా, పాపం ఆయన ఎదురుచూస్తున్నారు’ అంటున్నావు. ఇంక చెప్పడానికి నోరు రాలేదు.”

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. నాలుగడుగులు వేశాక, సంచి చెవి కాస్త తన వైపు లాక్కుని, బరువు తన మీదికి తెచ్చుకుంది.

“అయితే ఆ రెండో రాయి ఎక్కడ పెట్టారు?”

ఆయన విననట్టు రోడ్డు వంక చూశారు.

“చెప్పండీ. కడగన్లెండి.”

“ఏదైనా అడుగు, చెబుతాను,” అన్నారాయన నడక కాస్త జోరు చేసి. “అదొక్కటీ అడక్కు.”