కాకిబంగారం గనికి పాత దారి

2003 నవంబరులో ఒక శుక్రవారం, అరకు సంతలో విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు ముందు పెట్టుకుని కూర్చున్న కనక దగ్గరికి జగన్నాథరావు వచ్చాడు. విశాఖపట్నంలో కాలేజీ పిల్లలకి రాళ్ల శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. చలికాలంలో పదిమందిని వెంటేసుకుని కొండలెక్కిస్తుంటాడు. ఈసారి పాత కాకిబంగారం గనికి పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవాలని ఆయన ఆలోచన. ఆ దారి ఎవరికి తెలుసని అడిగితే సంతలో ముగ్గురు కనకనే చూపించారు.

చూపించరా మరి! పదమూడో ఏట నుంచి తొమ్మిదేళ్లు ఆమె ఆ దారిలోనే తట్ట మోసింది. పైన పలకలుగా చీల్చిన కాకిబంగారాన్ని, అదే అభ్రకాన్ని, నెత్తిన పెట్టుకుని కింద లారీ దాకా దించడం ఆమె పని. గని మూసేసి ఇరవై రెండేళ్లయింది. ఆ తర్వాత ఆమె ఆ కొండ ఎక్కలేదు. చివరి వానాకాలంలో గొయ్యి గట్టు విరిగిపడి ఆమె అన్న సుక్రు లోపలే ఉండిపోయాడు. మనిషిని పైకి తియ్యలేకపోయారు.

జగన్నాథరావుకి ఇదేమీ తెలియదు. జేబులోంచి కాగితం తీసి చదివాడు. తొమ్మిదింటికి బయలుదేరడం, పదకొండున్నరకి గని, అక్కడే భోజనం, నాలుగింటికి కింద.

"తొమ్మిదికైతే నాను రాను బాబూ" అంది కనక.

"ఏమ్మా?"

"పైమలుపు కాడ కొండంతా కాకిబంగారం పొడే. ఎండ పడిందంటే కళ్లు సెదిరిపోతాయి, కాలెక్కడేత్తన్నామో తెల్దు. ఎండెక్కక ముందే బేగి దాటేసీవోళ్లం. మద్దేనం దాటితే ఆడ నీడే."

ఆయన తొమ్మిది కొట్టేసి ఆరు అని రాసుకున్నాడు. అంటే అందరూ ముందురోజు రైలుకే రావాలి. కనక అంతటితో వదల్లేదు. వచ్చేవాళ్లలో ఆడవాళ్లెందరు, మోకాళ్ల నొప్పులెవరికి, కాళ్లకి ఏం వేసుకొస్తారని అడిగింది. దారిలో రెండో ఊట దాటాక చుక్క నీరు దొరకదని చెప్పింది. ఆయన అన్నీ రాసుకున్నాడు.

"గని లోపలికి కూడా తీసుకెళ్తావు కదమ్మా?"

కనక అడ్డాకుల కట్ట ఒకటి విప్పి మళ్లీ కట్టింది. "ముందు మనిద్దరం ఓపాలి ఎక్కి సూద్దాం బాబూ. అప్పుడు సెప్తాను" అంది.

మంగళవారం ఎక్కారు. దారి సగం తుప్పల్లో కలిసిపోయింది. కళ్లకి తెలియని చోట కనక పాదాలకి తెలిసింది. రాళ్లమెట్లు ఊడిపోయిన చోట చెట్టు వేరు పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. ఆయన అక్కడ గుర్తు పెట్టుకుని, తాడు తేవాలని రాసుకున్నాడు. కూలీలు తట్టలు దించుకుని ఊపిరి పీల్చుకునే తట్టబండ చేరేసరికి తొమ్మిదైంది. ఎదురుగా గని, తవ్విపోసిన తెల్లటి గుట్టలు.

అక్కడ కనక ఒక వెదురుగడ నరుక్కుంది. దాంతో నేల పొడుస్తూ గనివైపు ముందు నడిచింది. నాలుగు బారలు పోయాక, ఆకులూ తీగలూ కప్పేసిన గోతిలోకి గడ చేతిదాకా దిగిపోయింది. అదే సమయంలో జగన్నాథరావు ఫోటో కోసం పక్కకి అడుగేశాడు. కనక ఆయన భుజాన ఉన్న సంచి పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇద్దరూ కూలబడ్డారు. ఆయన కాలి కింది రాయి తీగల్లోంచి జారి, చాలాసేపటికి ఎక్కడో నీళ్లలో పడింది.

కనక లేచి గోతివైపు చూసింది.

"మా అన్న ఇలాటి గోతిలోనే ఉన్నాడు బాబూ. తుప్పలెక్కేసి అన్నీ ఒకేలాగున్నాయి, ఏ గొయ్యో నాకూ తెల్దు. కంపెనీవోళ్లు మొత్తం ఏడు తవ్వారు, ఒక్కటీ పూడ్సలేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడిదాకా తీసుకొస్తావో నువ్వే చెప్పు."

"తట్టబండ కాడికి. ఆడనించి అంతా కనబడతాది."

"వాళ్లు వచ్చేదే గని చూడ్డానికమ్మా."

"అలాగైతే ఏరేవోళ్లని సూసుకోండి."

ఆయన కాగితం మీద గని కొట్టేసి తట్టబండ అని రాశాడు.

డిసెంబరులో పన్నెండుమంది వచ్చారు. బ్యాంకులో పనిచేసే జయశ్రీ మోకాలు పట్టేసి రెండో ఊట దగ్గర ఆగిపోతే, తోడుగా మరొకరు ఆగారు. తట్టబండ దగ్గర నవీన్ అనే కుర్రాడు, ఇంతదూరం వచ్చి గనిలో కాలు పెట్టకపోతే ఎలాగని వాదనకి దిగాడు. కనక నోరు తెరిచేలోపే జగన్నాథరావు లేచాడు. "నేను కాలు పెట్టాను. ఈవిడ లాగకపోతే ఇవాళ మీ ముందు ఉండేవాణ్ణి కాదు" అన్నాడు. నవీన్ కూర్చున్నాడు. పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నారు. మూడున్నరకల్లా అందరూ కింద ఉన్నారు.

జనవరిలో కనక ఆ కొండ మళ్లీ ఎక్కింది. ఈసారి ఎవరూ పిలవలేదు. సుక్రు భార్య స్వర్ణని, ఊళ్లోవాళ్లు నలుగుర్ని తీసుకెళ్లింది. మూడు రోజులు వెదుళ్లు, ముళ్లకంప నరికి గోతుల చుట్టూ దడి కట్టారు. చివరిదాని దగ్గర స్వర్ణ అడిగింది.

"ఇందులోనేనా కనకా?"

"తెల్దు."

స్వర్ణ ఒడిలోని సామగింజలు సుక్రు పేర ఒక్కో గుప్పెడు ఏడు గోతుల్లోనూ జల్లింది. తర్వాత ఇద్దరూ కత్తులు తీసుకుని మిగతావాళ్ల వెనకే కిందికి దిగారు.