పిల్లల్ని అప్పజెప్పిన మధ్యాహ్నం

గోదావరిఖనిలో నేను యూకేజీ చెప్పే బడి వెనక, గోడకు ఆనుకుని ఒక టిఫిన్ సెంటర్ ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం, అన్నాలు తిన్న పిల్లలు కునికిపాట్లు పడే వేళకు, అక్కడి గ్యాస్ బండ లీకై బడంతా వాసన కమ్మేసింది. హెడ్‌మాస్టరు ఆపకుండా బెల్లు కొట్టించాడు. నా పిల్లలు మాత్రం కదల్లేదు. వాళ్ల లెక్కలో అంతసేపు మోగేది ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సైరను ఒక్కటే. అది మోగితే ఉన్నచోటే కూర్చోవాలని ఇంట్లో నేర్పారు. "మేడం, కిటికీ కాన్నుంచి ఇటు జరుగుండ్రి" అని ఒకడు నాకే జాగ్రత్త చెప్పాడు. ముప్ఫై మందిని రెక్కలు పట్టి లేపి, ఎదురుగా ఉన్న కాలనీ గ్రౌండుకు చేర్చేసరికి నా గొంతు పోయింది. ఒక చెప్పు కూడా పోయింది.

బండ లీకును ఎవరో వచ్చి ఆపేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. కబురు కాలనీ అంతా పాకి, జనం గేటు మీద పడ్డారు. హెడ్‌మాస్టరు కుర్చీ ఎక్కి రూలు చెప్పాడు.

"కార్డు మీద ఫొటో ఉన్నోళ్లకే పిల్లను ఇయ్యాలె. పిల్ల సుత గుర్తుపట్టాలె. రెండిట్ల ఒక్కటి తక్కువున్నా పంపద్దు."

ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు కాబట్టి, బడిలో రూలు చేతికి దొరికితే నేను అంత తొందరగా వదలను. బడిలో చేరినప్పుడు ఇళ్లవాళ్లు నింపిచ్చిన కార్డుల కట్ట పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

కార్డుల మీద ఫొటోలన్నీ తండ్రులవి. ఆ తండ్రుల్లో సగం మంది ఆ వేళకు మొదటి షిఫ్టులో, బొగ్గుబాయిలో భూమి కింద ఉన్నారు. గేటు దగ్గరున్నది అమ్మలు, అవ్వలు. ఒక అవ్వ నన్ను నిలదీసింది. "ఆ ఫొటోల ఉన్నోన్ని కన్నదే నేను. ఆని ఫొటో ఉంటే నాది ఉన్నట్టు కాదా?" హెడ్‌మాస్టరు అది విని అమ్మలకూ అవ్వలకూ రూలు సడలించాడు. కాకలకు, అంటే బాబాయిలకు, మాత్రం సడలించలేదు.

కాకల సంగతి వేరు. మా దగ్గర తండ్రి వయసున్న మగవాడు ఎవరైనా కాకే. పాలు పోసేవాడు కాక, నల్లా బాగుచేసేవాడు కాక, క్వార్టర్ల లైనులో పక్కింట్లో ఉన్నవాడు సరేసరి. రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న ఒక పిల్ల గంటలోపల ముగ్గురి వెంట బయల్దేరబోయింది.

"ఈయన ఎవరమ్మా?"

"కాక."

"సొంత కాకనా?"

"ఆ, సొంత కాకనే."

ఆయన్ని అడిగితే నవ్వాడు. "ముంగటి లైన్ల ఉంట మేడం. నా కొడుకును తీస్కపోతున్న, గీమెను సుత బండి మీద ఎక్కిచ్చుకుందామని." నేను కుదరదన్నాను. పిల్ల నా వైపు కోపంగా చూసి, "నువ్వు మంచిగ లేవు మేడం" అంది. మిగతా ఇద్దరు కాకలనూ అలాగే వెనక్కి పంపాను.

మూడు దాటేసరికి గ్రౌండు ఖాళీ అయింది. మిగిలింది ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒక్కతే. వాళ్లమ్మ మంచిర్యాల దవాఖానకు పోయింది, ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడంలేదు. తండ్రి బాయిలో ఉన్నాడు, లోపలికి ఫోన్లు తీసుకుపోరు. పిల్ల మాత్రం హాయిగా ఇసుకలో ఇల్లు కడుతోంది. నాకే భయమేసింది. ముగ్గురు మంచి మనుషుల్ని దొంగల్లా చూసి పంపించాను, ఇప్పుడు ఎవరూ రాకపోతే ఈ పసిదాన్ని ఏం చేయాలి అనుకుంటూ ఆయా పక్కన కూలబడ్డాను.

మూడున్నరకు ఒక మోటారు సైకిల్ గ్రౌండులోకి దూసుకొచ్చింది. దిగినవాడు తల నుంచి గంబూట్ల దాకా బొగ్గు. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడటంలేదు.

"మేడం, నా బిడ్డ ఏది?"

కార్డు తీశాను. ఫొటోలో తల నున్నగా దువ్వుకుని, మొహం నిండా పౌడరు రాసుకున్న తెల్లటి మనిషి. ఎదురుగా ఉన్నవాడితో ఒక్క వెంట్రుక కలవలేదు. పిల్ల అప్పటికే నా చీర చాటుకు చేరింది. రూలు ప్రకారం అడిగాను.

"ఈయన ఎవరమ్మా?"

తల బయటపెట్టి కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవలో కాక."

ఆయా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. "బిడ్డా, నేనే" అన్నాడు. పిల్ల నా చెయ్యి గుంజి, దొంగను పట్టించినట్టు గుసగుసగా చెప్పింది. "బాపు లెక్క మాట్లాడుతుండు మేడం."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "రోజు బాయి మీదనే తానం చేసి, తల దువ్వుకొని, పౌడర్ రాసుకొని ఇంటికి పోత మేడం. పుట్టినకాడికెళ్లి నన్ను గిట్ల చూడలే. జడుసుకుంటదని నేనే చూపియ్యలే. ఇయ్యాల పైకి రాంగనే బడిల గ్యాస్ లీకైందన్నరు. తానం సంగతే యాదికి రాలే."

నవ్వినందుకు నాకు సిగ్గేసింది. రూలు పక్కన పడేసి పిల్లను చేతికిద్దామనుకున్నాను, కానీ చీర చాటున జడుసుకుని ఉన్న పిల్లను ఇచ్చినా అతను తీసుకునేలా లేడు. తనే గ్రౌండు మూలనున్న నల్లా దగ్గరికి నడిచాడు. ఆయా గిన్నెలు తోమే సబ్బుముక్క తెచ్చి ఇచ్చింది.

ఒక దోసిలి నీళ్లకు నుదురు బయటపడింది. పిల్ల ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో దోసిలికి ముక్కు బయటపడింది. ఇంకో అడుగు. తర్వాత పక్కన నిలబడి పని చెప్పడం మొదలుపెట్టింది. "చెవుల ఎనుక. గీడ సుత." నల్లటి నీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి. చివరికి అతను మొహం ఎత్తగానే పిల్ల నోరు తెరిచింది.

"బాపూ, నువ్వు దాని లోపట ఉన్నవా?"

అతను చేతులు చాపాడు, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. శనివారం కాబట్టి పిల్ల ఒంటి మీద తెల్ల యూనిఫాం ఉంది, అతని బట్టలూ, వాటికే తుడుచుకున్న అరచేతులూ తడి బొగ్గు. చిటికెన వేలు ఒక్కటి కడిగి అందించాడు, పట్టుకొని నడువు అన్నట్టు. పిల్ల ఆ వేలిని లెక్కచేయకుండా ఎగిరి మెడకు వేలాడింది. పడిపోతుందని అతను చటుక్కున రెండో చేత్తో వీపు పట్టుకోక తప్పలేదు. సంతకం పెట్టించుకోవడం నేను మరిచేపోయాను.

తర్వాతి శనివారం ప్రార్థన లైనులో ఆ పిల్ల తెల్ల చొక్కా వీపు మీద అయిదు వేళ్లతో నల్లటి చెయ్యి అచ్చు కనబడింది. బూట్లకు పాలిష్ లేకపోతేనే ఇంటికి పంపే మనిషిని నేను. వాళ్లమ్మ అప్పటికే గేటు దగ్గర నిలబడి బతిమాలుతోంది. "మూడు సబ్బులు అరగదీసిన మేడం, పోతలేదు. కొత్తది కుట్టిస్త." నేను లైను దగ్గరికి వెళ్లి, మొహం గంభీరంగా పెట్టుకుని అడిగాను.

"ఇది ఎవరి చెయ్యి?"

"మా బాపుది" అని లైనులో అందరికీ వినబడేలా చెప్పి, వీపు ఇంకొంచెం నా వైపు తిప్పింది.