ఉత్తర్వు రాని జూన్

జూన్ వస్తే నాకు సంతోషం, కోపం రెండూ ఒకేసారి వస్తాయి. సంతోషం కాలేజీ తెరుస్తారని. కోపం, ఆ కాలేజీలోకి నన్ను రానివ్వరని.

ఇబ్రహీంపట్నంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. గెస్ట్ లెక్చరర్‌ని. ఏటా పరీక్షలు కాగానే ఇక చాలు, వెళ్లిరమ్మంటారు. మళ్లీ తీసుకుంటున్నట్టు ఉత్తర్వు రావాలంటే వానలు ముదరాలి, అప్పటిదాకా జీతం ఉండదు. కాలేజీ మాత్రం ఎండలు పూర్తిగా పోకముందే తెరుస్తారు. ఈ మధ్యలో పిల్లలకు పాఠం ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న పైన కూర్చున్న ఒక్క మహానుభావుడికీ తట్టదు.

అయినా మొదటి రోజు పోకుండా ఉండలేను. ఆ రోజంటే నాకంత పిచ్చి. కందుకూరు నుంచి, కోహెడ నుంచి బస్సులు దిగి, ఏ గది ఎటో తెలియక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వస్తారు పిల్లలు. ఇంకా ఎవరూ ఫెయిలవలేదు, ఎవరికీ నేనంటే భయం పట్టుకోలేదు. ఆ రోజు పుస్తకం తెరవను. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ఇచ్చి, సున్నపు నీళ్లలో పుల్ల ముంచి పేరు రాయమంటాను. అక్షరాలు ఎర్రగా తేలగానే "అమ్మో!" అని అరుస్తారు. దిష్టి తీసే ఎర్ర నీళ్లు ఇంట్లో చూస్తూనే పెరిగారు, ఎందుకు ఎర్రబడతాయో ఎప్పుడూ అడగలేదు. "ఎందుకు మేడమ్?" అనే ఆ మాట కోసమే పోతాను నేను.

పాత ప్రిన్సిపాల్ రూలు పక్కనపెట్టి నన్ను లోపలికి పోనిచ్చేవాడు. నిరుడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. గేటు దగ్గరే ఆపేశాడు.

"ఆర్డర్ రాలే మేడమ్. మిమ్మల్ని క్లాసుకు పంపితే రేపు నా మెడకు చుట్టుకుంటది. వచ్చినంక కబురు పెడ్త, ఇంటికి పోండ్రి."

"అప్పటిదాక కెమిస్ట్రీ మీరు చెప్తరా సార్?" అన్నాను. ఆయన చెప్పేది చరిత్ర. గేటు దగ్గరికి వేసి లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ కాళ్లు ఇంటివైపు కదిలితే కదా! పసుపు కాగితాల సంచి పట్టుకుని గేటు బయటే నిలబడ్డాను.

అప్పుడే కొంగరకలాన్ అవతలి పల్లె నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వెల్డింగ్ పని చేస్తాడట. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆ అమ్మాయే.

"అక్కా, ఈడ సైన్స్ చెప్పేటోళ్లు లేరంటున్నరు, నిజమేనా?" అని నన్నే అడిగాడు. "ఉంటే చేర్పిస్త. లేకుంటే ఉత్తగ బస్సులల్ల తిరుగుడెందుకు? మా ఆపా ఉంది, నా పెద్దక్క, ఆమె తాన కుట్టుమిషన్ నేర్చుకుంటది."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను లేరంటే ఆమె చదువు ఆ గేటు దగ్గరే అయిపోతుంది.

"ఉన్నరన్నా. కెమిస్ట్రీ నేనే చెప్త," అన్నాను.

"మరి బయట నిలబడ్డరేంది?"

ఏమని చెప్పను! సిగ్గుపడాల్సిన వాళ్లు వేరే ఉన్నారు, మాడింది మాత్రం నా మొహం. "నడువుండ్రి లోపలికి," అంటూ గేటు తోసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను. ప్రిన్సిపాల్ వరండాలోకి పరుగున వచ్చాడు.

"సార్, ఆపేదుంటే ఈ పిల్ల నాయిన ముందటనే ఆపుండ్రి. కెమిస్ట్రీకి ఎవరూ లేరని మీ నోటితోనే చెప్పుండ్రి!"

నా గొంతు అంత పెద్దగా లేస్తుందని నాకే తెలియదు. కిటికీల నిండా పిల్లల తలలు. ఆయన పక్కకు తప్పుకుని, నాకు మాత్రమే వినపడేలా గొణిగాడు.

"మీరెట్లయిన వస్తరని పైనోళ్లకు గూడ ఎరికే మేడమ్. అందుకే తొందర పడ్తలేరు."

ఆ మాటకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. నాకు పిల్లలంటే ప్రాణమని తెలిసే ఆడుకుంటున్నారన్నమాట! పాఠం చెప్పడం ఇష్టమైతే అన్నం తినడం మానెయ్యాలా?

క్లాసులో ఆ పిల్ల పుల్ల ముంచి ఉర్దూలో పేరు రాసింది. ఎర్రగా తేలగానే "ఎందుకు మేడమ్?" అని అందరికంటే ముందు తనే అడిగింది. వాళ్ల నాన్న క్లాసయ్యేదాకా కిటికీ బయటే నిలబడి విన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీరున్నరు గద అక్కా, ఇగ నాకు ఫికర్ లేదు. రేపటిసంది పంపిస్త," అని చెప్పి బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

ఆ మాట పైవాళ్లలో ఒక్కడి చెవినా పడలేదు. నా చెవిన పడింది. మర్నాడు పొద్దున్న, ఉత్తర్వు లేదు, జీతం లేదు, పళ్లు కొరుక్కుంటూ మళ్లీ కాలేజీకి పోయాను.