చెలమ దగ్గర వదిలేసిన నలుగురు

మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే మేస్త్రీ వచ్చి ఇసుక కుప్ప మీద రెండు బిందెల నీళ్ళు చల్లుతాడు. తడిసిన ఇసుక వాసన మా వరండాలోకి వస్తుంది. ఇంట్లో ఎవరికీ అది పట్టదు. నాకు మాత్రం ఆ వాసనతో ఒక వాగు, వాగులో గుక్కెడు నీళ్ళ కోసం చేతులతో చెలమ తోడుతున్న ఒక స్త్రీ, ఆమె చుట్టూ గొంతుక్కూర్చున్న ముగ్గురు పిల్లలు గుర్తుకొస్తారు. నిజానికి ఆ దృశ్యం నేను చూడలేదు. చూసి ఉంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆ రోజు వాళ్ళను చూడకుండానే బస్సు పోనిచ్చాను. దాన్ని పొరపాటని అనుకోవచ్చు. ఆ తరవాత చేసిన రెండు పనులూ పొరపాట్లు కావు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు నడిచే బస్సులో కండక్టరుగా చేరి మూడు నెలలైంది. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి. పెట్రోలు చాలక మా బండి ఇంకా బొగ్గుతోనే నడుస్తోంది. బస్సు వెనక నిలువెత్తు ఇనప పీపా, దాని నిండా బొగ్గు, పక్కన మంట రాజేయడానికి చేత్తో తిప్పే చక్రం. అరగంట తిప్పితే గాని ఇంజన్ కదిలేది కాదు. ఒళ్ళంతా మసితో ఆ చక్రం తిప్పుతున్న నా దగ్గరికి ఆమె వచ్చింది. చంకలో ఏడాది నిండని పాప, కొంగు పట్టుకొని నాలుగేళ్ళ పిల్లవాడు, తల మీద నల్ల గొంగళిలో కట్టిన మూట. వెనక ఏడేళ్ళ ఆడపిల్ల నీళ్ళ ముంత పట్టుకొని నిలబడి ఉంది.

"ఏమబ్బయ్యా, బండి తోలతావా, వంట చేస్తావుండావా?" అంది పీపాను చూసి.

నాకు నవ్వొచ్చింది. "ఈ పొయ్యి మండితేనే అక్కా బండి కదిలేది. ఎక్కడికి?"

"ఆత్మకూరుకు. పొద్దు వాలక ముందే చేరతాదా?"

"మూడు గంటలకంతా చేరతాది. ఏంది అంత తొందర?"

కొండ కింది పల్లెలో గొర్రెలు మేపుకునే కుటుంబం వాళ్ళది. ఆమె పేరు పెంచలమ్మ. భర్త వెంగయ్య మందను తోలుకొని సోమశిల దిక్కుకు పోయి, బండ మీద నుంచి జారి పడ్డాడట. "కాలు నుజ్జయిందంట. ఆత్మకూరు ఆసుపత్రిలో ఉండాడు. ఈ సాయంత్రం నెల్లూరికి తోలుకోని పోతారంట. ఆ లోపల ఆయన కండ్ల పడాల నేను" అంది.

"ముగ్గురు పిలకాయల్తో ఒంటిగా బయల్దేరినావే. మగోళ్ళు లేరా ఇంట్లో?"

"ఉండే మరిది ఆయన దగ్గరుండాడు. గొర్రెల దగ్గర అత్తుండాది. ఇంక ఎవురొస్తారు? నేనే."

"భయపడబాక అక్కా. నేను చేరుస్తా గదా" అన్నాను. మాట ఇవ్వడం ఎంత తేలికో ఆ వయసులో నాకు తెలియదు.

అనుమసముద్రంపేటకు ఎనిమిది మైళ్ళ ఇవతల ఒక వాగు అడ్డం వచ్చేది. వేసవిలో దానిలో నీళ్ళుండవు, ఇసుక ఉంటుంది. జనంతో దిగితే చక్రాలు కూరుకుపోతాయి. అందుకని ఇవతలి ఒడ్డున అందరినీ దించి, ఇసుక మీద తాటాకులు పరిచి ఖాళీ బండిని దాటించి, నడిచి వచ్చినవాళ్ళను అవతలి ఒడ్డున ఎక్కించుకునేవాళ్ళం. ఎక్కినవాళ్ళను లెక్కపెట్టడం నా పని. ఆ లెక్క టిక్కెట్ల లెక్క. ఒళ్ళో పిల్లలు దానిలోకి రారు. పెంచలమ్మకు ఒక టిక్కెట్టు, పెద్దపిల్ల రమణమ్మకు అర టిక్కెట్టు, వెరసి ఇద్దరు. ముంతలో నీళ్ళు అప్పటికే అయిపోయాయి. అందరూ తాటాకుల వెంట నడుస్తుంటే ఆమె పిల్లలను తీసుకొని మలుపు అవతలికి, ఇసుకలో చెమ్మ ఉన్న చోటికి పోయింది. అది నేను గమనించలేదు.

అవతలి ఒడ్డున మేకల బేరగాళ్ళు ఇద్దరు బస్సు కోసం కాచుకొని ఉన్నారు. నేను చేరుకునే లోపలే ఎక్కి కూర్చున్నారు. నేను దించింది ముప్పై ఒక్కమంది. ఎక్కి తలలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

"అందురూ ఎక్కినారా రా?" అని డ్రైవర్ మస్తానన్న కేకేశాడు.

"లెక్క సరిపోయిందన్నా, పోనీ" అన్నాను. ఆయన అడిగింది మనుషుల గురించి.

పేటలో దర్గాకు వచ్చినవాళ్ళు చాలామంది దిగారు. బేరగాళ్ళు కూడా దిగుతూ, "ఏమయ్యా, మాకు టిక్కెట్టు కొట్టకుండానే దించతావుండావే" అన్నారు. వాళ్ళు నేను దించినవాళ్ళలో లేరని అప్పుడు తట్టింది. ఎవరిదో గంప దించడానికి బస్సు మీదికి ఎక్కాను. అక్కడ నల్ల గొంగళి మూట ఉంది. కిందికి వంగి స్త్రీల సీటు చూశాను. ఖాళీగా ఉంది.

మస్తానన్నకు చెప్పి ఉంటే ఆయన ఒక్క మాట అనకుండా బండి తిప్పేవాడు. నాకు అది తెలుసు. పోవడానికి ఎనిమిది మైళ్ళు, రావడానికి ఎనిమిది. బొగ్గు చాలదు, ఆలస్యమైతే యజమాని తిడతాడు, అందరిలో నా లెక్క తప్పిందని తెలిసిపోతుంది. వీటిలో చివరిదే నన్ను ఆపింది. వెనక ఏదైనా బండి వస్తుందిలే అనుకున్నాను. ఆ రోజుకు ఇంక బండి లేదని నాకంటె బాగా తెలిసినవాడు ఆ బస్సులో లేడు. గంప దించి, విజిల్ ఊదాను.

ఆత్మకూరులో బస్సు ఆగేచోట ఆమె మరిది నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరూ దిగుతుంటే మొహాలు చూసి, చివరికి నన్ను అడిగాడు.

"ముగ్గురు పిలకాయల్తో మా వదిన రావాల. ఎక్కలేదా?"

"ఎక్కింది. వాగు దగ్గర దిగిపోయింది."

"దిగిపోయిందా? ఎందుకు?"

"నాకేం తెలుసు? తనే దిగింది" అన్నాను.

అతను నమ్మలేనట్టు నా వైపు చూశాడు. కండక్టరు చేతిలో టిక్కెట్ల పుస్తకం ఉంటుంది, మెడలో విజిల్ ఉంటుంది. అలాంటివాడు చెప్పిన మాట నమ్మక చేసేదేముంది? తల వంచుకొని ఆసుపత్రి వైపు పోయాడు. సాయంత్రం వాళ్ళ అన్నను తీసుకొని నెల్లూరు వెళ్ళిపోయాడు.

మరునాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఆత్మకూరు బస్సు ఆఫీసు ముందు పిల్లవాడి గొంతు వినిపించింది. "బండి ఆగింది! పేర్లు పిలస్తా. అమ్మ!"

"ఉండా."

"అక్క!"

"ఉండా."

"బుజ్జి!" పాప బదులు అక్కే "ఉండాది" అంది.

"సుబ్బయ్య! నేనూ ఉండా. దిగండి!"

ముందు పెంచలమ్మ, ఆమె కొంగు పట్టుకొని అక్క, అక్క పావడా పట్టుకొని సుబ్బయ్య. పిల్లల పాదాలకు ఆమె చీర చించి కట్టిన పీలికలు. వాళ్ళు రాత్రి ఒక పల్లెలో కల్లం దగ్గర పడుకొని, తెల్లవారి మళ్ళీ నడిచి, పేటలో కట్టెల బండి ఒకటి దొరికితే ఎక్కి వచ్చారు. ఏడవకుండా నడవాలని ఆమె దారంతా ఆ ఆట ఆడించిందట. ఆమె డ్రైవరు, వాడు కండక్టరు. ప్రతి మైలురాయి ఒక స్టేజీ. రాయి దగ్గర బస్సు ఆగాలి, కండక్టరు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి, పలికితేనే బస్సు కదలాలి.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె తిట్టలేదు. ఆఫీసులో దించి పెట్టిన మూట తీసుకొని, ముడి విప్పి, పాచిపోయిన సద్ది వాసన చూసి మళ్ళీ కట్టింది. "ఆసుపత్రికి దారెట్ట అబ్బయ్యా?" అని మాత్రం అడిగింది. చెప్పాను.

గంటలో తిరిగి వచ్చింది. ఈసారి పిల్లలను మెట్టు మీద కూర్చోబెట్టి ఆమె ఒక్కతే లోపలికి వచ్చింది.

"దారిలో దిగిపోయినావంట గదా, నిన్ననే పోయినారు మీవాళ్ళు అంటావుండాడు ఆసుపత్రి కాపలాయన. మా మరిదితో ఏం చెప్పినావు?"

నేను టిక్కెట్ల పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"నన్ను మరిచిపోయినావా?"

"వాగు దగ్గర మరిచిపోయినా అక్కా. పేటలో నీ మూట కనపడింది. అప్పుడు తెలిసింది."

ఆమె గొర్రె జ్వరం గురించి మాట్లాడుతున్నంత మామూలుగా అంది. "మరిచేది ఎవురికైనా ఉండేదే. మా మందలో కూడా ఒకోసారి పిల్ల వెనకబడతాది. తెలిసినాక ఎవురూ ముందుకు పోరబ్బయ్యా."

"తప్పయింది అక్కా."

"నాతో చెప్పి ఏం చేసుకునేది? నడిచొచ్చిందాన్ని, నాకు తెలుసు. ఆయనకు చెప్పు. మొగుడు కాలిరగ్గొట్టుకొని పడుంటే దారిలో దిగి తిరిగిందనుకుంటాడు. ఇప్పుడే నెల్లూరు బండి ఉండాది. వస్తావా?"

ఆ రోజు నేను వెళ్ళలేదు. డ్యూటీ ఉందన్నాను. ఉన్నమాట నిజమే. ఒకరోజు సెలవు అడిగితే ఇచ్చేవాళ్ళన్నదీ నిజమే. వాళ్ళు నలుగురూ నెల్లూరు బస్సు ఎక్కారు. ఎక్కాక కిటికీలోంచి సుబ్బయ్య పేర్లు పిలవడం వినిపించింది.

ఎనిమిదో రోజున వెళ్ళాను. ఆ ఎనిమిది రోజులూ నేను బస్సు దగ్గర ఎన్నిసార్లు లెక్కపెట్టినా మధ్యలో తప్పింది. నెల్లూరు ఆసుపత్రిలో వెంగయ్యకు అప్పటికే మోకాలి పైదాకా కాలు తీసేశారు. పెంచలమ్మ ముందురోజే వచ్చి ఉన్నా కాలు దక్కేది కాదని డాక్టరు చెప్పాడట. ఆ మాట నాకు ఊరట ఇస్తుందని అనుకున్నాను. మంచం దగ్గరికి వెళ్ళాక అలా అనిపించలేదు. అతను గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. పెంచలమ్మ కాళ్ళ వైపు నేల మీద కూర్చుని ఉంది. పిల్లలు ఆమె పక్కనే ఉన్నారు. వచ్చిన రోజు ఆమె జరిగింది చెప్పిందట. "బస్సోళ్ళు లెక్క చూసుకోకుండా పోతారా?" అని ఒక్క మాట అని, అప్పటి నుంచి అతను ఆమెతో మాట్లాడలేదట.

నేను నిలబడే చెప్పాను. బేరగాళ్ళు ఎక్కడం, టిక్కెట్ల లెక్క, గొంగళి మూట, మరిదితో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. మరిది గుమ్మం దగ్గర ఉన్నాడు. నన్ను కొట్టడానికి ముందుకు వచ్చాడు గాని వెంగయ్య చెయ్యెత్తి ఆపాడు.

"వాగు కాణ్ణించి ఆత్మకూరుకు ఎంత దూరం?" అని అడిగాడు నన్ను.

"పద్దెనిమిది మైళ్ళు."

"ఈ పిలకాయల్తోనా?"

"ఆ."

అతను మెల్లగా ఇటు తిరిగాడు. ఇంత సేపూ ఆమె తల ఎత్తలేదు. "ఏమే, కూడు తిన్నావా?" అన్నాడు.

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను బయటికి వచ్చేశాను. నేను ఎనిమిది రోజులు ముందే వచ్చి ఉంటే ఆ మాట ఆమె ఎనిమిది రోజులు ముందే వినేది. ఈ లెక్క మాత్రం నాకు ఇప్పటికీ తప్పదు.

తిరిగి వచ్చి యజమానికీ మస్తానన్నకూ జరిగింది చెప్పాను. "నోరు మూసుకోనుంటే అయిపోయేది గదరా" అన్నాడు యజమాని. మస్తానన్న మాత్రం నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాకు ఆయన కోపమే నయమనిపించింది. ఆ తరవాత ముప్పై ఏళ్ళు బస్సుల్లోనే పనిచేశాను. వాగు మీద వంతెన వచ్చి అందరినీ దించే పని తప్పిపోయేదాకా, అవతలి ఒడ్డున మళ్ళీ టిక్కెట్లు లెక్కపెట్టలేదు. బస్సు బయల్దేరేటప్పుడే పేర్లు రాసుకునేవాణ్ణి, చంటిపిల్లలవి కూడా. ఒడ్డున ఒక్కొక్క పేరూ పిలిచేవాణ్ణి. "ఇది బస్సా, బడా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆలస్యమవుతుందని తిట్టేవాళ్ళు. పిలవడం మానలేదు.

మొదటిసారి అలా పిలిచింది ఆ ఏడు వానలు వెనకబట్టాక. వెంగయ్యను తీసుకొని పెంచలమ్మ, పిల్లలు మా బస్సులోనే ఇంటికి వెళ్ళారు. వాగు దగ్గర అందరితో పాటు వాళ్ళూ దిగారు. కర్రతో ఇసుకలో నడవలేడు గనుక వెంగయ్యను నా వీపు మీద ఎక్కించుకొని దాటించాను. మనిషి బరువుగా ఉన్నాడు. అతన్ని ఒడ్డున కూర్చోబెట్టి మళ్ళీ ఇసుకలోకి దిగి చెలమ తోడాను. మొదట బురదనీళ్ళు వచ్చాయి. పెంచలమ్మ గట్టు మీది నుంచి చూసి, "తొందరపడబాక. రెండు తూర్లు తోడి పారబొయ్. మూడో తూరి తేరతాయి" అంది. ఆమె చెప్పినట్టే చేశాను. ముంత నింపి ముందు పిల్లలకు, తరవాత వాళ్ళకు ఇచ్చాను. బస్సులో జనం విసుక్కుంటూ కూర్చున్నారు. మస్తానన్న హారన్ కొట్టలేదు.

అందరూ ఎక్కాక ఫుట్‌బోర్డు మీద నిలబడి కాగితం తీశాను. పేర్లు పిలిచాను. వెంగయ్య. పెంచలమ్మ. రమణమ్మ. బుజ్జి. సుబ్బయ్య. అందరూ పలికారు. కాగితం మడిచి, విజిల్ నోట్లో పెట్టుకున్నాను.

"ఆగు" అన్నాడు సుబ్బయ్య, అమ్మ ఒళ్ళోంచి. "నీ పేరు పిలవలేదే?"

జనం నవ్వారు. పెంచలమ్మ నవ్వలేదు, నా వైపే చూస్తోంది.

విజిల్ తీసి, "మాలకొండయ్య" అని నా పేరు నేనే గట్టిగా పిలుచుకున్నాను.

"ఉండా" అన్నాను.