ఆర్వో మాస్టారి హాజరు

అమెరికా ఉత్తరపు అంచున, మంచు అడవుల మధ్య ఉన్న మా కివిలేక్‌లో ఆర్వో నిస్కలా పేరు తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు నిన్నో మొన్నో ఊళ్లో దిగినవాళ్లయి ఉండాలి. ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఆయన ఊరి పిల్లలకు తుపాకీ పట్టడం నేర్పాడు. పట్టడం కంటే దించడం ఎక్కువ నేర్పాడు. పన్నెండు వందల ఆరుగురు పిల్లలు. అందులో ఒక్కరూ తన కాలు తాను కాల్చుకోలేదు, ఒక్కరూ ఇంకొకరిని కాల్చలేదు. చుట్టుపక్కల మరే మాస్టారూ ఈ మాట గుండె మీద చెయ్యి వేసి చెప్పలేడు. రాష్ట్రం వాళ్లు ఇచ్చిన ఇత్తడి ఫలకాలు మూడున్నాయి. ఒకటి వంటింట్లో, ఒకటి ఆవిరిస్నానం చేసే సౌనా గది తలుపు పైన, మూడోది ట్రక్కులో, ఎక్కినవాడి కళ్లకు ఎదురుగా. చదివింది ఎనిమిదో తరగతి, అదీ ఒక్క గది బడిలో, ఒక్క పొయ్యి చుట్టూ కూర్చుని. అయితేనేం, ఇద్దరు డాక్టర్లూ ఒక జడ్జీ ఆయన ముందు నిలబడి "గొట్టం ఎటు చూస్తోంది?" అన్న ప్రశ్నకు తడబడ్డవాళ్లే. ఇవి కాక ఇరవై తొమ్మిదేళ్లు బడి బస్సు నడిపాడు. మా మంచులో, ఆ మలుపుల్లో, ఒక్కనాడూ బస్సును గుంటలోకి దించలేదు.

ఏటా ఆగస్టులో బడి భోజనాల గదిలో ఆయన తరగతి. హాజరుతో మొదలు, హాజరుతో ఆఖరు. అది వేట శిబిరం అలవాటు. పొద్దు వాలగానే శిబిరంలో పెద్దవాడు పేర్లు పిలుస్తాడు. ఒక్కరు పలక్కపోయినా మిగతావాళ్లెవరూ బూట్లు విప్పరు. ఆ పద్ధతినే ఆర్వో తరగతిలోకి తెచ్చాడు. "గట్టిగా పలుకు, అడవికి వినపడాలి" అనేవాడు. పరీక్ష నెగ్గిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ చేతుల్లేని నారింజ రంగు కోటు ఒకటి. అడవిలో మనిషిని చూసి దుప్పి అని పొరపడకుండా ఉండటానికి ఆ రంగు. కోటు మెడ లోపల దారంతో పేరు కుట్టి ఉంటుంది. ఆ కుట్టు భార్య హెల్మీది. ఆమె పోయాక, నాలుగేళ్లుగా మనవరాలు సెన్యా కుడుతోంది.

సెన్యాకు పదహారేళ్లు. తల్లిది ఆసుపత్రిలో పని. బడి వదిలాక పిల్ల తాత దగ్గరే తింటుంది. మార్చి నెలలో ఒకరోజు, ఎక్కడో దూరపు రాష్ట్రంలో ఒక బడిలో కాల్పులు జరిగి పదకొండు మంది పిల్లలు పోయిన వారానికి, మాంసమూ దుంపలూ కూరి కాల్చిన పాస్టీని చేత్తో విరుస్తూ అంది:

"తాతా, శుక్రవారం పదింటికి మేం క్లాసుల్లోంచి బయటికొచ్చేస్తున్నాం. పదకొండు నిమిషాలు. పోయినవాళ్లకి ఒక్కొక్కరికీ ఒక్కో నిమిషం. అందరం నారింజ కోట్లు వేసుకుంటాం."

"ఎందుకూ? బడి ఆవరణలోకి దుప్పులొచ్చాయా?"

"మమ్మల్ని చూస్తే మనుషులని తెలియాలని. ఆ రంగు అందుకేనని నువ్వేగా చెప్పావు."

ఆర్వో ఫోర్కు పక్కన పెట్టాడు. "అది అడవిలో వేసుకునేది. ఊరేగింపు జెండా కాదు. ఇంతకీ ఏం అడుగుతారు?"

"ఎవడు పడితే వాడు వెళ్లి తుపాకీ కొనుక్కునేట్టు ఉండకూడదని."

"నా తుపాకీ లాక్కోమని నా మనవరాలే చెబుతుందన్నమాట!"

"నీ తుపాకీ ఎవరిక్కావాలి తాతా? ముందు దాని తుప్పు వదిలించు."

"తుప్పా! నా తుపాకీకి తుప్పా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. "నువ్వొచ్చి మా పక్కన నిలబడతావా?" అని సెన్యా మెల్లగా అడిగింది. "రాను" అన్నాడు. పిల్ల సగం పాస్టీ వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు పెట్రోలు బంకు దగ్గర గారెట్ ఎదురయ్యాడు. కలప మిల్లు వాళ్ల కుర్రాడు, సెన్యా తరగతే. ఆ ఏడాది ఆర్వో శిష్యుల్లో అందరికంటే మంచి గురి వాడిదే.

"మాస్టారూ, శుక్రవారం మేమూ దిగుతున్నాం. ఆ కోట్లు వేటగాళ్లవి, సెన్యా వాళ్లవి కావు. తుపాకీ మా హక్కు అని మేమూ చెబుతాం. మీరు మా వైపే కదా?"

"నేను నా పొయ్యి వైపు. చలేస్తోంది, పక్కకు తప్పుకో."

గురువారం ప్రిన్సిపాల్ స్వయంగా ఇంటికొచ్చింది. మిసెస్ డాన్‌ఫర్త్, దక్షిణాది నగరం నుంచి వచ్చి రెండేళ్లు. మంచి మనిషే, బూట్లు మాత్రం ఇంకా నగరం బూట్లు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"రెండు జట్లూ అవే కోట్లు వేసుకుంటారట. కొట్లాట అవుతుందని నా భయం. నారింజ రంగు బడిలోకి రాకూడదని నోటీసు పెట్టాను, ఎవరూ వినడం లేదు. మీ మాట వింటారు. మీరొచ్చి విప్పించాలి, మిస్టర్ నిస్కలా."

"నేనా?"

"వాళ్లంతా మీ పిల్లలే కదా. దాచకుండా చెబుతున్నా, బడిలో తుపాకీ పాఠాలేమిటని బడి నడిపే బోర్డులో ఇప్పటికే గొణుగుతున్నారు. మీరు సాయపడితే ఆగస్టులో భోజనాల గది మీకే ఇవ్వమని నేను పోరాడగలను. లేకపోతే నా నోరు లేవదు."

ఆర్వో వంటింటి గోడ మీద ఫలకం వైపు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లు. ఆ గది పోతే తరగతి పోయినట్టే అనిపించింది. గది దక్కాలంటే మనవరాలి ఒంటి మీది కోటు తన నోటితో విప్పించాలి. ఆ మాటను ఆ పిల్ల ఏనాటికీ మరిచిపోదు. ఆయనకు అదీ తెలుసు. అయినా "వస్తాను" అన్నాడు.

ఆ రోజు సెన్యా తిండికి రాలేదు. రెండు పాస్టీలు వేడి చేసి ఒకటి తిన్నాడు.

శుక్రవారం పొద్దున బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే అన్న టౌనో గుర్తొచ్చాడు. ఊళ్లో పాతవాళ్లందరికీ తెలిసిన సంగతి, ఆర్వో మాత్రం నోరు విప్పి చెప్పని సంగతి. అన్నకు పదిహేడు, తనకు పద్నాలుగు. ముదురు గోధుమరంగు ఉన్నికోటు వేసుకుని పొదల్లో వంగిన అన్నను సొంత బాబాయే దుప్పి అనుకుని కాల్చాడు. సాయంత్రం శిబిరంలో నాన్న పేర్లు పిలిచాడు. టౌనో అన్నాడు. ఆగాడు. మళ్లీ టౌనో అన్నాడు. పలకని పేరు తర్వాత ఎంతసేపు నిలబడాలో ఆర్వో ఆ రోజే నేర్చుకున్నాడు.

పదింటికి బడి వెనక మైదానంలో మంచు మోకాళ్ల దాకా ఉంది. ఇటు సెన్యా వైపు నలభై మందికి పైనే. అటు గారెట్ వైపు ఇరవై మంది. మధ్యలో మిసెస్ డాన్‌ఫర్త్, నగరం బూట్లతో. సెన్యా చేతిలో కాగితం ఉంది, పోయిన పిల్లల పేర్లు చదువుతోంది కానీ వినపడటం లేదు. అటునుంచి "మా హక్కు! మా హక్కు!" అని కేకలు. ఇటునుంచి ఎవరో "పోరా, గురి తప్పినోడా!" అన్నారు. "ఎవర్రా గురి తప్పింది?" అని గారెట్ ముందుకు ఉరికాడు. ఎవరో మంచుముద్ద విసిరారు.

కంచె దగ్గర నిలబడిన ఆర్వో కళ్లకు ఎవరెటో తెలియలేదు. అంతా నారింజే. తెల్లటి మంచు మీద ఒక్కొక్కరూ విడివిడిగా, మైలు దూరం నుంచైనా మనిషేనని తెలిసేంత స్పష్టంగా ఉన్నారు. ఆ కోట్లు ఇచ్చింది తనే. ఒక్కొక్కరి మెడ వెనక ఏ పేరుందో తనకు తెలుసు.

"చెప్పండి మిస్టర్ నిస్కలా" అంది ప్రిన్సిపాల్.

ఆయన రెండు జట్ల మధ్యకు నడిచాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిస్తే వచ్చింది ముప్పై ఎనిమిదేళ్లుగా వస్తున్న మాటే.

"హాజరు! అన్నీకా!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సెన్యా వెనకనుంచి ఒక పిల్ల, అలవాటు కొద్దీ, "ఉన్నా!" అంది.

"గారెట్!"

వాడు మంచుముద్ద ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "ఉన్నా మాస్టారూ."

"గట్టిగా. అడవికి వినపడాలి."

"ఉన్నా!"

ఇటొకరూ అటొకరూ. ఆర్వో చేతిలో కాగితం లేదు, ఒక్క పేరూ తప్పలేదు. కేకలు వాటంతట అవే ఆగిపోయాయి, ఎవరి పేరు ఎప్పుడొస్తుందోనని అందరూ చెవులు రిక్కించారు. అరవై మూడు పేర్లు అయ్యాయి. చివరిది సెన్యా. ఆ పిల్ల "ఉన్నా" అనలేదు. దగ్గరికొచ్చి తన కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"వీళ్లనీ పిలువు తాతా."

కళ్లజోడు పెట్టుకున్నాడు. మొదటి పేరు చదివాడు. ఆగాడు. నాన్న ఆగినంతసేపూ ఆగాడు. రెండో పేరు. ఆగాడు. మూడో పేరుకి గారెట్ మంచుముద్ద కింద పడేసి టోపీ తీశాడు. పదకొండు నిమిషాలనుకున్నది ఇంకా ఎక్కువే అయింది. ఎవరూ గడియారం చూడలేదు. కోట్లు విప్పమని ఆర్వో చెప్పలేదు, మిసెస్ డాన్‌ఫర్త్ మళ్లీ అడగనూ లేదు. ఆమె బూట్లు తడిసిపోయాయి.

లోపలికి వెళ్తూ గారెట్ అన్నాడు: "మాస్టారూ, నేను మాత్రం నా మాట మార్చుకోను."

"మార్చుకోమని ఎవరన్నారు? పిలిస్తే పలికావు, నాకది చాలు."

ఆ మధ్యాహ్నం సెన్యా వచ్చి, మొన్నటి సగం పాస్టీ ఏదని అడిగింది.

బోర్డు మాట బోర్డుదే. ఆ ఆగస్టులో భోజనాల గది ఇవ్వలేదు. అగ్నిమాపకం వాళ్లు షెడ్డులోంచి పెద్ద బండి బయట పెట్టి చోటిచ్చారు. బెంచీలు మోసింది గారెట్. మోస్తున్నంతసేపూ సెన్యాతో చట్టం గురించి గొంతు చించుకుని వాదిస్తూనే మోశాడు. సెన్యా ఒక మూల కూర్చుని కోట్లకు పేర్లు కుడుతూ, సూది ఊపి ఊపి జవాబులు చెప్పింది. కొత్తపిల్లలు ఇరవై నలుగురు. పన్నెండు వందల ముప్పై అయ్యారు.

మొదటి రోజు హాజరు ముగించి ఆర్వో పుస్తకం మూయబోతుంటే, మూలనుంచి సెన్యా తలెత్తకుండానే పిలిచింది.

"ఆర్వో నిస్కలా!"

ఇన్నేళ్లలో పిలిచేవాణ్ణి పిలిచినవాళ్లు లేరు. ఆయన చుట్టూ చూశాడు.

"ఉన్నా" అన్నాడు.

"గట్టిగా మాస్టారూ" అన్నాడు గారెట్, బెంచీ దించుతూ. "అడవికి వినపడలేదు."