గ్యాసు గుంతలో కందీలు ఆరలేదు

మొన్న వానలు వెనుకబట్టినంక కుల్చారం అవతల మా చిన్నబిడ్డను ఇచ్చిన ఊరికి పోయి వచ్చిన సంది నాకు కంటినిండ నిద్ర లేదు. వాళ్ల బర్రెల కొట్టం వెనుక కొత్తగా గోబర్ గ్యాసు కట్టించిండ్రు, పొయ్యి మొదటిసారి వెలిగించేటప్పుడు పెద్దమనుషులు మీరు ఉండాలె అని వియ్యంకుడు ఫోను మీద ఫోను చేస్తే, మోకాళ్లు వద్దంటున్నా మెదక్ బస్టాండుకు పోయి బస్సెక్కిన. నేను పోయేసరికి వాకిలి నిండ జనం. గుంత కట్టిన కంపెనీ పిల్లగాడు ఒకడు, రంగు బనీను తొడుక్కొని, పొయ్యి చెవి తిప్పి అగ్గిపుల్ల చూపెట్టంగనే బుస్సుమని నీలి మంట లేచింది. ఆడోళ్లు నవ్వుకుంట ఫోన్లల్ల ఫొటోలు తీసుకున్నరు. అందరికి సంబురమే. నేను మాత్రం ఆ నీలి రంగు దిక్కు ఎక్కువసేపు చూడలేకపోయిన.

నేను మెల్లగ లేచి కొట్టం వెనుకకు పోయి చూసిన. భూమిలో సిమెంటు గుంత, పైన మనిషి దిగేటంత మూత. దీన్ని ఎన్నేండ్లకు సాఫ్ చేయాలె, ఎవరు దిగాలె, ఎట్ల దిగాలె అని ఆ పిల్లగాన్ని అడిగిన. వాడు మంచిగనే నవ్విండు, ముసలోళ్లను చూసి నవ్వే నవ్వు.

"సాఫ్ చేసే పనే ఉండదు తాతా. ఒక్కసారి పెడితే జిందగీ అంత నడుస్తది."

ఈ మాట, కొంచెం అటు ఇటుగ ఇదే మాట, యాభై ఏండ్ల కింద మెదక్‌లో మా మేనమామ వాకిట్లో ఇంకొక అంగీ తొడుక్కున్న మనిషి నోట విన్న. ఆ మాట నమ్మి కట్టించుకున్న గుంతలనే మా మామ పాణం పోయింది. పోయినంక నింద మాత్రం మా అత్త మీద పడ్డది. అందుకే ఇది రాస్తున్న. మన ఈడు వాళ్లు ఊర్లో ఇంకా కొందరున్నరు, అప్పుడు ఆ నింద వేసిన నోళ్లు గూడ కొన్ని ఇంకా ఉన్నయి, చదువుకోవాలె.

మా మామకు ఖిల్లా గుట్ట దిగువన ఇల్లు, ఇంటెనుక కొట్టం, కొట్టం నిండ బర్రెలు. చర్చి గంట కొట్టకముందే పాలు పిండి ఇండ్లల్ల పోసి వచ్చేటోడు. అయితే ఆయనకు పేరొచ్చింది పాలతో కాదు, పాతరలతో. ఇప్పటి పిల్లలకు పాతరంటే తెల్వదు గాని, భూమిలో లోతుగ తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి పైన మట్టితో మూసేస్తే కరువొచ్చినా గింజ చెడకుండె. కాని నెలల తరబడి మూసిన ఆ గుంతలో గాలి చెడిపోయి ఉంటది. మూత తీసుడుతోనే తొందరపడి దిగినోడు మల్ల పైకి రాడు. మా మామ పద్ధతి వేరే. మూత తీయించి, పొద్దు నడినెత్తికొచ్చేదాక ఎవ్వరినీ దగ్గరికి రానియ్యకపోయేది. అప్పుడు కందీలు, అంటె లాంతరు, వెలిగించి తాడు కట్టి దింపేటోడు. మంట ఆరితే ఆ దినం పని బంద్. మంట రెపరెపలాడితే నడుముకు మోకు కట్టుకొని దిగాలె. నిటారుగ నిలబడితే మోకు లేకుండనే దిగొచ్చు, మోకుంటే గంప ఎత్తనీకి అడ్డమొస్తది. రామాయంపేట దిక్కు ఊర్ల నుంచి గూడ బండి కట్టి ఆయనను పిలుచుకపోయేది. నా చేతి కింద ఒక్క మనిషి పోలేదని పెండ్లిళ్లల్ల, బంతిలో కూసోని, ఆకు ముంగట పెట్టుకొని చెప్పేటోడు. అంత గర్వం ఆయనకు. ఆ గర్వం అన్యాయమైనది గూడ కాదు.

తెలంగాణ కావాలని పోరగాండ్లు బళ్లు బంద్ పెట్టిన ఏడాది పోయినంక, జీపుల ఒక సారు వచ్చిండు. పెండతో గ్యాసు తీయొచ్చు, పొగ లేని వంట, గుంతల మిగిలింది పొలానికి ఎరువు, సర్కారు సగం ఇస్తది అని బొమ్మల కాయితాలు పరిచి చూపెట్టిండు. మామకు సర్కారు మీద నమ్మకం తక్కువ. కాని అత్త కండ్లు పొగకు ఎప్పుడు చూసినా ఎర్రగ నీళ్లు కారుతుండె, గొట్టంతో ఊది ఊది దగ్గు పట్టుకుంది. ఆమె కోసమే ఒప్పుకుండు. ఆ సంగతి ఎవ్వరికి చెప్పలేదు, బర్రెల పెండ దండుగ పోతున్నదని అందరికి చెప్పిండు. భార్య కోసం ఒక పని చేసినమని ఒప్పుకునే మగోళ్లు ఆ కాలంలో నేను చూడలేదు.

నేనప్పుడు రామాయంపేట రోడ్డు మీద వెల్డింగు దుకాణంలో పని చేస్తుంటి. బడి నాలుగో తరగతితోనే ఇడిసిపెట్టిన గాని, సామాను చుట్టొచ్చిన పాత పేపర్లు చదివి చదివి అక్షరం గట్టి చేసుకున్నోణ్ని. మామ గుంతకు ఇనుప డ్రమ్ము మా దుకాణంలనే తయారైంది. ఇటుకలతో కట్టిన బాయి లాంటి గుంతలో పెండనీళ్లు పోస్తే, వాటి మీద బోర్లించిన ఆ డ్రమ్ము గ్యాసు పుట్టినకొద్దీ పైకి తేలేది, వాడినకొద్దీ కిందికి దిగేది. అంతా అయినంక మామ ఒక్క సంగతే అడిగిండు. గుంత అన్నంక ఎప్పుడో ఒకప్పుడు దిగి తోడాలె గద, దీని పద్ధతేంది అని. సారు నవ్వి, దీన్ని సాఫ్ చేసుడే ఉండదు పెద్దమనిషీ, పోసింది పోసినట్లు ఇంకో దిక్కు బయటికి వస్తది అన్నడు. టీ తాగి జీపెక్కిండు.

మొదటి ఏడాది నిజంగనే బాగ నడిచింది, అబద్ధం చెప్పొద్దు. అత్త గిన్నెలు మసి పట్టకుండ తెల్లగ మెరిసేటియి. వాడకట్టు ఆడోళ్లు చూడనీకి వస్తే అందరికి చాయ్ పెట్టేది, మంట పెద్దగ చేసి చిన్నగ చేసి చూపెట్టేది. కండ్ల ఎరుపు తగ్గింది. ఇంట్లోకి ఒక కొత్త పెండ్లికూతురు వచ్చినట్లుండె.

తర్వాత తర్వాత ఏదో మారింది. డ్రమ్ము మునుపటంత ఎత్తు లేస్తలేదు. నీలి మంట పసుపు తిరిగి, అన్నం సగం ఉడికినంక ఆరిపోయేది. పొద్దుగూకితే కొట్టం వెనుక కుళ్లిన గుడ్ల వాసన వచ్చి ముక్కుకు అంటుకునేది. గుంత లోపల ఎవరో నోట్లో నీళ్లు పోసుకొని పుక్కిలించినట్లు గుడగుడ చప్పుడు. ఎన్నడు మొండితనం చేయని ముసలి బర్రె గూడ ఆ దిక్కు కట్టేస్తే పలుపు తెంపుకొని ఇవతలికి వచ్చేది. మన కొట్టాలు మట్టి కొట్టాలు గద, పెండ ఎత్తితే దానెంబడి ఇసుక, గడ్డి పోచలు వస్తయి. అవన్నీ అడుగున పేరుకపోయినయి. మామ కబురు పెడితే, జీపు సారు బదిలీ మీద పోయిండంట. కొత్తగా వచ్చినాయన ఇది నా కాలంలో పెట్టింది కాదన్నడు. అప్పుడు మామ, గుంతల సంగతి నాకు ఒకడు చెప్పేదేంది అనుకొని, తానే దిగి తోడుతనన్నడు.

పక్కిండ్లోళ్లు తలా ఒక చెయ్యి వేస్తే జంగు పట్టిన డ్రమ్మును గిలకతో లేపి మా దుకాణానికి పంపినం. బకెట్లకు అందినంత తోడి పోసినం. అడుగున మోకాలు లోతు గట్టి బురద మిగిలింది, దిగి తవ్వాలె. పొద్దు నడినెత్తికి వచ్చేదాక మామ ఆగిండు. కాళ్లు చేతులు కడుక్కొని, ఎండలో కందీలు వెలిగించి, తాడుతో మెల్లగ దింపిండు. దేవునర్రలో దీపం లెక్క మంట నిటారుగ నిలబడ్డది. ఒంగి వాసన చూసిండు.

"సూడు అల్లుడా, పొద్దుగాలటి వాసన గూడ పోయింది. జొన్నల పాతర కంటె నయముంది" అన్నడు.

అయినా అత్త లోపలి నుంచి మోకు తెచ్చి నిలబడ్డది. మామ ఆమెను చూసి నవ్విండు.

"ఇంత వయసుల నన్ను గట్టేసి ఏం జేస్తవే, పారిపోతనా?"

అందరం నవ్వినం. అత్త గూడ నవ్వింది, మోకు మాత్రం కింద పెట్టలేదు.

మామ నిచ్చెన దిగి పార పెట్టి బురద తిరగేసిండు. బుడగలు వచ్చినయి. ఇంకొక పార తిరగేసిండు. మేము బయట పోసిన పెండల పురుగులు ఏరుకుంటున్న అత్త కోళ్లల్ల ఒక నల్ల కోడి గుంత లోపలికి దుంకి, డ్రమ్ము ఆననీకి కట్టిన ఇటుకల గట్టు మీద నిలబడ్డది. అత్త హుష్ అని అదిలించింది. ఆ తర్వాత కోడి ఏమైందో నేను చూడలేదు, మామను చూస్తున్న. ఆయన పారను గోడకు ఆనిచ్చి, పని చేసి అలిసినోడు అరుగు మీద కూసున్నట్లు, బురదల కూసుండు. మల్ల మెల్లగ ముందుకు ఒరిగి బోర్ల పడ్డడు. ఒక్క మాట లేదు, ఒక్క కేక లేదు. ఆయన తల పక్కనే కందీలు నిటారుగ వెలుగుతున్నది.

నేను నిచ్చెన మీద కాలు పెట్టిన. వెనుక నుంచి రెండు చేతులు నడుము పట్టి గుంజినయి. అత్త. బక్క మనిషి. దినమంత ఇనుము ఎత్తే నేను ఆ పట్టు ఇడిపించుకోలేకపోయిన.

"వద్దు అల్లుడా. ఒక్కడు సాలు."

అట్లనే పట్టుకొని, బాయిల పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగె పక్కింట్లో ఉన్నది, తెమ్మని అరిచింది. పై నుంచే దాని కొక్కేలు దోతికి, మొలతాడుకు తగిలించి అందరం కలిసి గుంజినం. తాడు చిక్కుపడి కందీలు గూడ మామతోని పైకి వచ్చింది. వెలుగుతనే ఉన్నది. మిట్ట మధ్యాహ్నం ఎండలో దాన్ని అత్తనే ఊదేసింది. దవాఖానకు పోయినం గాని, అక్కడ చేసేది ఏమీ లేకుండె.

దినాలు కాకముందే ఊరు మొదలుపెట్టింది. మేనల్లుడు దిగుతుంటె పట్టి గుంజిందంట, దిగనిస్తె మొగడు బతుకుతుండె, ఎసొంటి గుండెనో అని. అరుగుల మీద కూసోని చుట్ట తాగుకుంట అనేటోళ్లు. వాళ్లల్ల ఒక్కడు గుంత దగ్గర లేడు. నేను కొట్లాడిన, చెప్పిన, ఎవడు వినలేదు. కొత్త సారు గూడ వచ్చిండు, ముక్కుకు రుమాలు పెట్టుకొని దూరం నిలబడి, ఎవరు దిగమన్నరు, మేము సాఫ్ చేసే పని లేదని చెప్పినం గద అన్నడు. గుమ్మం లోపల కూసున్న అత్త అక్కడి నుంచే అడిగింది.

"సాఫ్ జెయ్యొద్దన్నరు, సరే. దిగితె సస్తరని ఎందుకు జెప్పలే సారూ?"

ఆయన రుమాలు సర్దుకొని వాకిలి దాటి పోయిండు.

గుంత పూడ్చే రోజు బురదల ఏదో నల్ల గుడ్డ పేలిక లెక్క కనపడితే గరిగెతో తీసిన. కోడి. అప్పుడు అత్త చెప్పింది. మామ కూసోకముందే ఆ కోడి రెక్క గూడ కొట్టకుండ గట్టు మీదికెళ్లి రాలిపోయిందంట. అది చూసింది గనుకనే నన్ను పట్టుకుంది. ఆ గుంత చుట్టూ నిలబడ్డ ఇంతమందిలో కందీలును చూడక కోడిని చూసింది ఆమె ఒక్కతే.

నాకు ఆగబుద్ధి కాలేదు. మా ఊరి లైబ్రరీలో డిక్షనరీ ముంగట పెట్టుకొని, గ్యాసు గుంతల మీది ఇంగ్లీషు పుస్తకాలు, అర్థమైనా కాకున్నా, నెలల తరబడి చదివిన. కొంచెముంటే కుళ్లిన గుడ్డు వాసనొచ్చే గాలి ఒకటి ఆ బురదలోనే దాక్కొని ఉంటది, కదిలిస్తేనే లేస్తది, ఎక్కువైతే ముందు ముక్కును చంపుతది, అందుకే వాసన పోయినట్లనిపిస్తది. మంటను మాత్రం ఏమీ అనదు. పాతరల గాలి వేరు, ఈ గాలి వేరు. మా మామ ఏ గుర్తులు నమ్మి ఇంతమందిని బతికించిండో, ఆ గుర్తులే ఆయనకు అబద్ధం చెప్పినయి.

అప్పటి నుంచి మెదక్ చుట్టుపక్కల ఎవరి డ్రమ్ము బాగుకు వచ్చినా, గుంత తోడుతున్నరని తెలిసినా, అత్త తన కోళ్లల్ల ఒకదాన్ని గంపలో పెట్టి ఇచ్చేది. ముందు బురద కదిలించి, కందీలు కాదు, దీన్ని దింపుండ్రి, కొంచెం సేపు ఉంచుండ్రి, అది బతికొస్తె గూడ మోకు కట్టుకోకుండ దిగకుండ్రి అని చెప్పి పంపేది. ఆమె మాత్రం పోకపోయేది, మొగడు పోయిన ఆడిది ఎదురొస్తే అపశకునమని తలుపులు వేసుకునేటోళ్లు. అందుకే గంప నేను మోసిన. ఆమె కోడి కావాలె, ఆమె మొఖం వద్దు. అసొంటి ఊరు మనది. కొన్ని కోళ్లు తిరిగొచ్చినయి, కొన్ని రాలేదు. రాని ప్రతిసారి ఒక ఇంట్లో మనిషి మిగిలిండు. అత్త మల్ల కట్టెల పొయ్యికే పోయింది. ఆఖరికి కండ్లు పూర్తిగ పోయినయి. అయినా కోళ్ల గూడు తలుపు తానే తడుముకుంట తీసేది, ఒక్కొక్కదాని వీపు నిమిరేది.

ఇదంత ఆ కంపెనీ పిల్లగానికి చెప్పే ఓపిక నాకు లేకపోయింది, వినే ఓపిక వానికి అసలే లేదు. నా బిడ్డను పక్కకు పిలిచి, ఇంట్లో కోళ్లున్నయా అని అడిగిన. వాకిలంత టైల్సు వేసినం నాయినా, రెట్టలు ఎవరు కడుగుతరు, కూరకు కావాలంటె తూప్రాన్ నుంచి బండి వస్తది, కోసిన్నే ఇస్తరు అన్నది. ఊర్లో ఇంకెవరింట్లనన్న ఉన్నయా అంటె ఆలోచించి, లేవన్నది. వారం తిరగంగనే మెదక్ అంగట్ల రెండు నాటుకోళ్లు కొని, గంపలో పెట్టి, బస్సుల కండక్టరుతో కొట్లాడి, కుల్చారం దాటి తీసుకపోయి ఇచ్చిన. ఇవి కూరకు కాదు బిడ్డా, గుంతకు అని ఎందుకో ఏమిటో మొత్తం చెప్పిన. తల ఊపింది.

నిన్న ఫోను చేసింది. గ్యాసు పొయ్యి చూడనీకి వాళ్ల చుట్టాలు వచ్చిండ్రంట. ఇంట్లో వేరే ఏమీ లేకుంటె రెండు కోళ్లూ కోసిండ్రంట. నాటుకోడి అయినా ఆ నీలి మంట మీద ఇట్టే మెత్తగ ఉడికిందంట, గిన్నెలకు ఇంత మసి గూడ అంటలేదంట, అందరు లొట్టలేసుకుంట తిన్నరంట. మా కాలంలో ప్రతి వాకిట్లో నాలుగు కోళ్లు తిరిగేటియి, గుంతలు ఊర్లో ఒకటో రెండో ఉండేటియి. ఇప్పుడు గుంతలు ఇంటికొకటి తవ్వుతున్నరు.